విదేశ విమానములు – స్వదేశ కలహములు

ఏ దూరదేశపు అంతర్యుద్ధమునందో విదేశ విమానములు జోక్యము చేసికొన్నవను వార్త చదివినపుడు, అది తమకు సంబంధింపని సంగతియని హసన్‌పర్తి వాసులు తలంపరాదు. 1948వ సంవత్సరమున సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి నిజాము ప్రభుత్వమునకు ఆయుధములను చేరవేసెను. ఆ విమానములు బీదరునందును, మన వరంగల్లునందును దిగినవి. నాడు తెలంగాణమున రజాకార్ల దౌర్జన్యమొకవైపు, దాని నెదిరించు ప్రజలొకవైపు. రగులుచున్న యింటికి పరాయివాడు కూలి పుచ్చుకొని కట్టెలు మోసెను.

ఫలితమేమి? సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఆకాశమార్గమున తుపాకులు వచ్చినవిగాని ప్రజల విశ్వాసము రాలేదు. కాటను 200 పౌనుల జుల్మానాతో బయటపడెను. అదే సంవత్సరము ఆగస్టు 27వ తేదీన రజాకార్ల తుపాకులకు బలియైన బైరాన్‌పల్లి గ్రామస్థులకు అట్టి సులభమార్గము లేకపోయెను.

భారత ప్రభుత్వము మాత్రము విమానములను వినియోగింపలేదా యని కొందరడుగవచ్చును. వినియోగించెను. కాని అది పని ముగించుకొని ఎగిరిపోలేదు. పాలనాభారమును వహించి, జవాబు చెప్పవలసినదై నిలిచెను. పిమ్మట జరిగిన ముస్లిముల హత్యలను విచారించుటకు నెహ్రూ ప్రభుత్వమే సుందరలాల్ సంఘమును పంపెను. ఆ నివేదిక దశాబ్దములపాటు మరుగునపడియుండుట మనకు కీర్తికరము కాదు. ఐదు దినములలో రాజ్యము వశమైనను రైతుల సాయుధపోరాటము 1951 అక్టోబరు వరకు ఆగలేదు. భూమి తగవు ఆకాశమున తీరునది కాదని భూస్వాములు నాడే గ్రహించియుండవలసినది.

లోకానుభవమును ఇట్లే యున్నది. 1937 ఏప్రిల్ 26వ తేదీన జర్మను విమానములు స్పెయినునందలి గెర్నికా పట్టణమును భస్మమొనర్చెను. స్పెయినునకు దక్కినది దీర్ఘ నియంతృత్వము. 2011లో నాటో విమానములు లిబియాలో గడ్డాఫీ పతనమునకు తోడ్పడి, అక్టోబరు 31వ తేదీతో తమ కార్యమును ముగించెను. 2014 నాటికి ఆ దేశము మరల అంతర్యుద్ధమున పడెను.

గాలిలో వచ్చిన సాయము నేలమీద బాధ్యత వహింపదు. లిబియాపై సైనికచర్య ననుమతించు తీర్మానమున భారతదేశము 2011 మార్చి 17వ తేదీన ఓటు వేయక తటస్థముగ నుండెను. దానిని పిరికితనమనువారితో మేమేకీభవింపము. అయినను తటస్థత యొక్కటియే చాలదు. పరుల కలహమునకు రెక్కలనిచ్చు ప్రతి ప్రభుత్వమును, రేపు ఆ నేలపై నిలిచి జవాబు చెప్పువారెవరని బహిరంగముగ ప్రశ్నింపవలెను. వరంగల్లు అనుభవము గల దేశమునకు ఆ ప్రశ్న నడుగు అధికారము కలదు.