‘మేం పడలేదా’ అంటే సరిపోతుందా?

ఈమధ్య జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో జరిగిన ఒక సీమంతం పేరంటంలో బంధువుల అమ్మాయి ప్రస్తావన వచ్చింది. మూడో నెల, ఆగని వాంతులు, ఆస్పత్రిలో చేర్చారు. కబురు చెవిన పడగానే ఒక పెద్దావిడ అందుకున్నారు: "మాకు రాలేదేటి వేవిళ్లు? మేం పడలేదా? కక్కుకుంటూనే ఇంటిల్లిపాదికీ వండి పెట్టినాం. ఈ కాలం పిల్లలు మరీ సుకుమారం." చుట్టూ కూర్చున్నవాళ్లు తలలూపారు. వాంతులు ఎక్కువైతే బిడ్డ గట్టిగా ఉన్నట్టేనని ఇంకొకరు వంత పాడారు. కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి కద్మా, సోనారి, గోల్మురి బస్తీల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో తరాలు మారాయి. మాటలో హిందీ కలిసింది, పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఈ ‘మేం పడలేదా’ మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే ఉంది. ఆ మాట తప్పు. తప్పే కాదు, ప్రమాదం కూడా.

గర్భిణుల్లో నూటికి 70 మందికి పైగా వికారమో వాంతులో ఉంటాయి. పెద్దావిడ పడ్డది అది. ఆస్పత్రిలో ఉన్న అమ్మాయి పడుతున్నది వేరు. దాన్ని డాక్టర్లు హైపరెమెసిస్ గ్రావిడేరమ్ అంటారు. వెయ్యి మందిలో సుమారు 3 నుంచి 30 మందికి వస్తుంది. చెంచాడు నీళ్లు గొంతు దిగిన రెండు నిమిషాలకే బయటికి వస్తాయి. కడుపులో ఏమీ మిగలనప్పుడు పసుపుపచ్చని పసరు, గొంతు ఒరుసుకుపోయాక నెత్తుటి చార. పక్కింట్లో పోపు వేస్తే ఇక్కడ కడుపులో దేవుతుంది. నాలుక పిడచగట్టుకుపోతుంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా మూత్రమే రాదు, వచ్చినా డికాక్షన్ రంగులో వస్తుంది. గర్భానికి ముందున్న బరువులో నూటికి 5 వంతులు తగ్గితే అది జబ్బు కిందే లెక్క. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. జంషెడ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ఆ ఒంట్లో మిగిలిన నీరెంతో ఊహించుకోవచ్చు. ఆ స్థితిలో ఉన్న పిల్లకు ‘సుకుమారం’ అని పేరు పెడతారా?

ఈ అపోహకు సగం బలం తెలుగు సినిమా ఇచ్చింది. కథానాయిక పెరట్లోకి పరుగెత్తి ఒక్కసారి వాంతి చేసుకుంటుంది. డాక్టరమ్మ నాడి పట్టి శుభవార్త అంటుంది. అత్తగారి ముఖం వెలిగిపోతుంది, మరు నిమిషంలో చేతికి మామిడికాయ ముక్క వస్తుంది. దశాబ్దాలుగా ఇదే సీను. రోజుకు ఇరవై సార్లు కక్కి, మంచం దాకా నడవలేక బాత్రూమ్ గడప దగ్గరే పడుకుండిపోయిన కోడలిని ఎన్ని సినిమాలు చూపించాయి? వాంతి అంటే సంబరమని నేర్పిన తెర, అదే వాంతి ప్రాణం మీదికి తెస్తుందని ఎందుకు నేర్పలేదు?

ప్రాణం మీదికి తెచ్చిన కథ ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. ‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్ బ్రాంటీ 1855 మార్చి 31న, 39వ ఏడు నిండకుండానే, కడుపుతో ఉండగా చనిపోయింది. మరణపత్రంలో క్షయ అని రాశారు. చివరి వారాల్లో ఆమె పడ్డ ఎడతెగని వాంతుల వర్ణన చదివిన తర్వాతి కాలపు వైద్యులు చాలామంది ఈ జబ్బునే అనుమానించారు. అప్పటికి సెలైన్ ఎక్కించడం మామూలు వైద్యం కాలేదు. 2012 డిసెంబరులో ఇదే జబ్బుతో లండన్‌లో ఆస్పత్రిలో చేరిన కేట్ మిడిల్టన్‌కు వైద్యం ఉంది, బతికి ముగ్గురు పిల్లల్ని కన్నది. పడలేకపోయినవాళ్లు పేరంటాలకు వచ్చి తమ సంగతి చెప్పుకోలేరు. ‘మేం పడలేదా’ అనగలిగేది బతికి బయటపడ్డవాళ్లే.

ఓర్చుకోవడం గొప్పతనమన్న వాదనకు సైన్సు కూడా జవాబు చెప్పింది. మార్లీనా ఫెజో అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త 1999లో ఈ జబ్బుతోనే కడుపులో బిడ్డను పోగొట్టుకుంది. నలుగురి దృష్టిలో పడాలని ఆడవాళ్లు లక్షణాలు తెచ్చిపెట్టుకుంటారన్నట్టు ఆమె డాక్టరే మాట్లాడాడు. ఆమె పట్టు వదల్లేదు. ఆమె, కేంబ్రిడ్జ్‌కు చెందిన స్టీఫెన్ ఓ'రాహిలీ తదితరులు 2023 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో కారణం ప్రకటించారు. గర్భంలో మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి రక్తంలోకి పెద్దఎత్తున చేరుతుంది. ముందు నుంచీ ఆ హార్మోన్ ఒంట్లో ఎక్కువగా ఉన్నవాళ్లకు అలవాటై పెద్దగా తెలియదు. తక్కువగా ఉన్నవాళ్లను అది కూలదోస్తుంది. పెద్దావిడ నిలబడి వంట చేయగలిగింది ఆమె మనసు గట్టిదై కాదు, ఈ అమ్మాయి పడిపోయింది మనసు మెత్తనిదై కాదు.

కొన్ని ఇళ్లలో ఇంకో పని జరుగుతుంది. వీధి చివర ప్రాక్టీసు చేసే మనిషిని పిలిచి గ్లూకోజ్ సీసా ఎక్కించి, ఓపిక వచ్చిందిలే అనుకుంటారు. వారాల తరబడి తిండి నిలవని మనిషి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే వెర్నికే ఎన్‌సెఫలోపతీ రావచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం దాని గుర్తులు. ఆస్పత్రిలో ముందు థయామిన్ ఇస్తారు, సాధారణ సెలైన్‌లో తగినంత పొటాషియం కలిపి ఎక్కిస్తారు. ఆ తేడా ఇంట్లో తెలియదు.

మందులంటే భయం మాటకొస్తే, పుట్టబోయే బిడ్డలకు అవకరాలు తెచ్చి 1961లో మార్కెట్ నుంచి తీసేసిన థాలిడోమైడ్ పేరు చెప్పి అన్ని మందులనూ కాదనడం అన్యాయం. డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్రను వ్యాజ్యాల వల్ల 1983లో కంపెనీయే అమెరికాలో ఆపేసింది. మళ్లీ పరిశీలించి అక్కడి ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. మన దగ్గర డాక్టర్లు అది రాస్తూనే ఉన్నారు.

ఇంట్లో చేయవలసింది కొంచెమే. వారానికోసారి బరువు చూడాలి, మూత్రం ఎన్నిసార్లు వచ్చిందో అడగాలి. ఓఆర్ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, ఉజ్జాయింపుగా కాదు. దాన్ని చెంచాలతో పట్టాలి. అదీ నిలవకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది, ఎంజీఎం ఉంది, పర్సుడీలో సదర్ ఆస్పత్రి ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు మందులు, పరీక్షలు ఉచితం. బస్తీలో సహియా దీదీని, అంటే ఆశా కార్యకర్తను, అడిగితే దారి చూపిస్తుంది.

పెద్దవాళ్లకు ఒక్క విన్నపం. మీ కోడలు రోజంతా గుక్కెడు నీళ్లు నిలుపుకోలేకపోయినా, పొద్దుట నుంచి మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, తెల్లారేదాకా చూద్దాం అనకండి. ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.