నాలుగొందల కిలోమీటర్లూ, ఒక నులక మంచమూ

రెండేళ్ళ క్రితం డిసెంబరులో ఓ అర్ధరాత్రి, నకిరేకల్ దగ్గర హైవే మీద నేను సైకిల్ తొక్కుతూ నిద్రపోయాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే నిద్రపోయాను. ఎన్ని క్షణాలో తెలీదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా, వెనక ఒక్క లైటు కూడా లేకుండా రోడ్డు పక్కన ఆపేసిన లారీ. బ్రేకులు పట్టేసి, దానికి రెండు బారల దూరంలో ఆగాను. ఈ సంగతి ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు. (ఇది చదివితే ఎలాగూ తెలుస్తుంది, ఏం చేస్తాం!)

అంత రాత్రప్పుడు అక్కడ నాకేం పనంటారా? బీఆర్ఎం. పార్టీ కాదులెండి, సైకిల్ రైడ్. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే క్లబ్బు రూల్స్ ప్రకారం ప్రపంచమంతా నడిచే వ్యవహారం ఇది. రైడ్‌ని బ్రెవే అంటారు. 200 కిలోమీటర్లైతే పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు టైమిస్తారు. ఒకే సీజన్లో ఈ నాలుగూ చేస్తే 'సూపర్ రాండొనీర్' అంటారు. దారిలో కంట్రోల్ పాయింట్లుంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. మనిషి లేనిచోట ఏటీఎం స్లిప్పో, కొట్లో బిల్లో సాక్ష్యం. పంక్చరైతే మనమే వేసుకోవాలి. వెనకాల కారేసుకుని బావమరిది రాకూడదు. ఇందులో ఫస్టు, సెకండు ఉండవు. పన్నెండు గంటల్లో వచ్చినవాడూ, ఇరవై ఆరు గంటల యాభై నిమిషాలకి వచ్చినవాడూ ఒకటే. మరీ త్వరగా వచ్చేస్తే కంట్రోల్ తెరిచే ఉండదు! ఏటా అప్రైజల్లో బెల్ కర్వ్ మీద కూర్చునే మనలాంటి వాళ్ళకి ఇంతకంటే స్వర్గం ఏముంటుంది?

కానీ ఆ స్వర్గంలోకి మనం మన రోగాన్ని కూడా వెంటపెట్టుకుని వెళ్తున్నామని నా ఫిర్యాదు. ర్యాంకు లేదు సరే, ఇంకోటి కనిపెట్టాం: 'అస్సలు పడుకోలేదు తెలుసా!' రైడ్ అయిన మర్నాడు వాట్సాప్ గ్రూపు చూడండి. "400, జీరో స్లీప్" అని ఒకడు. "600లో పదిహేను నిమిషాలే కునుకు తీశా" అని ఇంకొకడు. కింద వరసగా చప్పట్లు. రిలీజు ముందు "రెండు రాత్రులు ఇంటికే వెళ్ళలేదు" అని ఆఫీసులో కాలరెగరేసేవాడికీ, వీళ్ళకీ తేడా ఏంటో నాకైతే అర్థం కాదు. నేనూ ఆ బాపతే కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

ఆ రోజు సంగతే చూడండి. పొద్దున్న ఆరింటికి హైదరాబాదులో బయల్దేరి, జగ్గయ్యపేట దాకా వెళ్ళి వెనక్కి రావాలి. ముందురోజు రాత్రి ఆఫీసులో రిలీజు. మూడు గంటలు పడుకున్నానేమో, అంతే. "పర్లేదు, మనకిది అలవాటేగా" అనుకున్నా. సాయంత్రానికల్లా వెనక్కి తిరిగి, పదింటికి సూర్యాపేట చేరా. కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి. ఇంకో టీ తాగి బండి ఎక్కేశా. ఆ తర్వాత లారీ కథ మీకు తెలిసిందే.

లారీ దాటాక కొంచెం దూరంలో ఓ టీ కొట్టు కనపడింది. అక్కడి పెద్దాయన నన్నూ, నా తలమీద లైటునీ, రేడియం జాకెట్టునీ ఎగాదిగా చూసి అడిగాడు:

"ఏడికి సారూ గీ రాత్రి పూట?"

చెప్పాను.

"గెలిస్తే ఏమిస్తరు?"

"ఏమీ ఇవ్వరు. మెడల్ కావాలంటే మనమే డబ్బులు కట్టి కొనుక్కోవాలి."

కాసేపు ఆలోచించి, "ఏం ఇయ్యకపోతే గింత తొందరెందుకు? గా మంచం మీద పండుకోండ్రి" అన్నాడు.

అరగంట అనుకుని నులక మంచం మీద వాలాను. ఫోన్లో చార్జింగ్ లేక అలారం మోగలేదు. లేచేసరికి ఐదయింది. తొమ్మిదిలోపు ఇంకా వంద కిలోమీటర్ల పైన తొక్కాలి, నావల్ల అయ్యే పని కాదు. ఫోను చార్జ్ చేసుకుని, నిర్వాహకుడికి చేసి డీఎన్ఎఫ్ రాసుకొమ్మన్నా. తిడతాడేమో అనుకుంటే, "పడుకున్నావా? మంచిపని చేశావ్. ఏదన్నా తిని బయల్దేరు" అన్నాడు. సైకిల్ని ఓ డీసీఎంలో పడేసుకుని ఇంటికొచ్చా.

"ఇరవై ఏడు గంటల్లో పడుకోడానికి టైమెక్కడిది?" అంటారు మావాళ్ళు. లెక్కలేద్దాం, మనకి వచ్చిందే అది కదా. గంటకి 20 చొప్పున తొక్కితే 400కి 20 గంటలు. మిగిలినవి ఏడు. అవి ఎటు పోయాయో ఇంటికెళ్ళాక రాసి చూసుకున్నా. కోదాడలో భోజనానికి గంటంబావు, ఫోటోలకీ కబుర్లకీ ముప్పావు గంట, ఎక్కడపడితే అక్కడ టీలు. పగలు అరగంట అరగంటగా పారబోసి, రాత్రికి నిద్ర దగ్గర పిసినారితనం చూపించానన్నమాట. కంట్రోల్ దగ్గర పదిహేను నిమిషాల్లో పని ముగించుకుంటే, రెండు గంటల నిద్ర హాయిగా మిగులుతుంది. వేగం పెంచక్కర్లేదు. రైడ్ ముందు రెండు రాత్రులు సరిగ్గా పడుకుంటే మరీ మంచిది. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు.

ఈ ఆటకి పుట్టిల్లు అయిన ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ కథ కూడా నాకు ఇదే చెబుతోంది. 1891లో మొదటిసారి జరిగినప్పుడు అది రేసు. షార్ల్ టెరోం అనే ఆయన, ముందున్న ప్రత్యర్థి నిద్రపోతుంటే దాటేసి, తను నిద్రే లేకుండా 71 గంటల పైచిలుకులో గెలిచాడు. మన జీరో స్లీప్ బ్యాచ్‌కి మూలపురుషుడు అనుకోవచ్చు. కానీ ఆయన ప్రొఫెషనల్, అది ఆయన వృత్తి. మామూలు రాండొనీర్లకి 1931 నుంచి విడిగా రైడ్ పెట్టారు. తమాషా ఏంటంటే, ప్రొఫెషనల్ రేసు 1951తో ఆగిపోయింది. ఆగి, తిని, పడుకుని తొక్కేవాళ్ళ రైడ్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. 2023లో జరిగింది, మళ్ళీ 2027లో. 1200 కిలోమీటర్ల పైన, గరిష్ఠంగా 90 గంటలు. అక్కడి కంట్రోళ్ళలో వరసగా పడకలు వేసి ఉంటాయి. ఎన్నింటికి లేపాలో చెప్పి పడుకుంటే వాలంటీరొచ్చి లేపుతాడు. అంటే, పడుకోవడం ఓడిపోవడం కాదని, రైడ్‌లో అదీ ఒక భాగమని అక్కడివాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు.

తొక్కొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. తెల్లవారుజామున మంచులో, మన చక్రం చప్పుడు తప్ప ఇంకేదీ వినపడని హైవే ఎలా ఉంటుందో చెబితే అర్థం కాదు. తప్పకుండా తొక్కండి. కానీ కునుకు వస్తున్నప్పుడు ఆగనివాణ్ణి హీరోని చేయకండి. గ్రూపులో ఎవడన్నా "నిద్రొచ్చింది, ఆగిపోయా, డీఎన్ఎఫ్" అని పెడితే, ఆ చప్పట్లేవో వాడికి కొట్టండి. వాడు మళ్ళీ వచ్చి తొక్కుతాడు. లారీ కిందికెళ్ళినవాడు రాడు.

నేనూ మళ్ళీ తొక్కాను. పోయిన సీజన్లో అదే 400, ఇరవై ఆరున్నర గంటల్లో పూర్తి చేశా. అందులో గంటన్నర నిద్ర. మంచం పాతదే, పెద్దాయన గుర్తుపట్టాడు కూడా. ఈసారి మాత్రం ఫోను నమ్ముకోకుండా, లేపమని ఆయనకే చెప్పి పడుకున్నా. :-)