కోసికి కలకత్తా ఎంత దూరము?

రాయపూరులోని మహంత్ ఘాసీదాస్ సంగ్రహాలయమున ఆదివాసుల నగలను, పనిముట్లను చూచినప్పుడెల్ల, వారినిగూర్చి గ్రంథములు వ్రాసినవారి పేర్లు మనకు కంఠస్థములై యుండగా, ఆ గ్రంథములకెక్కిన మనుష్యుల పేరొక్కటియు నోటికి రాకపోవుట నాకు వింతగా తోచును. నాకు తెలిసినది ఒక్కటే పేరు: కోసి.

వెరియర్ ఎల్విన్ సామాన్యుడైన దొర కాడు. 1902లో ఇంగ్లండున జన్మించి, 1927లో క్రైస్తవ సేవకుడై వచ్చి, గాంధీ మహాత్మునకు సన్నిహితుడై, పిమ్మట చర్చినే విడిచి, మైకల్ కొండలలో గోండుల నడుమ నివసించిన ఆ విద్వాంసుడు బైగాలనుగూర్చియు, బస్తరు మురియాలనుగూర్చియు వ్రాసిన గ్రంథములను నేటికిని పండితులు తిరుగవేయుచునే యున్నారు. అట్టివాడు 1940 ఏప్రిల్ 4న, ముప్పదియేడేండ్ల ప్రాయమున, తన పాఠశాలలోనే చదువుకొన్న కోసి యను రాజగోండు బాలికను వివాహమాడెను. ఆమెకప్పటికి పదుమూడేండ్లని చెప్పుదురు.

బాల్యవివాహములు నాడు ఇంటింట నుండెనను సమాధానము నాకు చాలదు. ఊరిలో జరిగిన పెండ్లిలో అల్లుని మందలించుటకు ఒక మేనమామయో, ఒక పెద్దయో యుండెడివాడు. ఇచ్చటనో, చదువు చెప్పువాడు, మందిచ్చువాడు, పాలకజాతివాడు, భర్త, నలుగురును ఒక్కడే. ఎవరితో మొరపెట్టుకొనవలెను?

ప్రేమ లేదని నేను వాదింపను. అది వారిరువురికే తెలిసిన సంగతి. కాపురము సాగినంతకాలము ఇట్టి హెచ్చుతగ్గులు మరుగుననే యుండును. చెడిననాడు తగవు ఎచ్చట తీరును, ఎవరి భాషలో తీరును, బిడ్డ ఎవరి యొద్ద పెరుగును అను ప్రశ్నలతో అవి వెలికివచ్చును. గోండుల ఆచారమున ఆలుమగల తగవు పంచాయతి యెదుట, బంధువుల నడుమ తీరును. వారి స్త్రీలకు గల స్వాతంత్ర్యమును లోకమునకు చాటినవాడును ఎల్వినే. అయినను అతని వివాహము 1949లో కలకత్తా హైకోర్టున, ఏకపక్షపు డిక్రీతో రద్దయినది. డిండోరి కొండపల్లెలోని స్త్రీకి ఆ న్యాయస్థానము ఎన్ని ఆమడల దూరము!

మన హైదరాబాదు కథయు ఇట్టిదే. బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ తాను పెండ్లాడిన ఖైరున్నీసాకై ఇస్లాము స్వీకరించెనందురు, ఆమెకై జనానా కట్టించెను. అంతటి అనురాగము గలవాడే 1805లో కొడుకును, కూతురును ఇంగ్లండు ఓడ నెక్కించెను. ఆ తల్లి వారిని మరల చూడలేదు.

కాలము మారినదనువారు అమెరికా చట్టమును చూడుడు. పెండ్లియై రెండేండ్లు నిండకముందే భర్త పౌరసత్వమును బట్టి నివాసార్హత పొందిన స్త్రీకి లభించునది షరతులతో కూడిన కార్డే; దానిని స్థిరపరచుకొను అర్జీపై సాధారణముగా భర్త సంతకము కూడ కావలెను. హింస పాలయినవారికి, విడాకులైనవారికి మినహాయింపు కలదు, నిజమే; కాని కాగితములు కూర్చి, వకీలును వెదకి, నిరూపించు భారము పరదేశమున ఒంటరిగా నున్న ఆమెదే. ఆ సంతకపు నిబంధన తొలగింపవలసినదని నా అభిప్రాయము. విదేశపు సంబంధమనగా వరుని జీతము మాత్రమే విచారించు మన తల్లిదండ్రులకు ఈ సంగతి యెవరు చెప్పుదురో!

ఎల్విన్ ఆత్మకథ 1964లో వెలువడి, మరుసటి యేట సాహిత్య అకాడమీ పురస్కారమందెను. అందు కోసికి దక్కిన చోటు బహు స్వల్పము. ఆమె దశాబ్దములపాటు రైథ్వార్ పల్లెలోనే జీవించెను. ఎపుడైన విలేఖరులు వచ్చినను, వారడిగినది ఎల్విన్ దొరనుగూర్చియే.