మూలభాష లేని తులనాత్మక పరిశోధన

రష్యన్ సాహిత్యంపై తెలుగులో పరిశోధించేవారికి రష్యన్ అక్కరలేదనే వాదన తెలుగు శాఖల్లో వినిపిస్తూనే ఉంది. సోవియట్ కాలపు అనువాదాలను అందుకు ఆధారంగా చూపుతారు. ఆ ఆధారమే వాదానికి ఎదురు తిరుగుతుంది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి ఏళ్ల తరబడి మాస్కోలో ఉండి అనువదించారు. ఆంగ్లాన్ని ఎంత ఆశ్రయించారన్నది వేరే ప్రశ్న. సందేహం వస్తే అడగడానికి మూలభాష మాట్లాడేవారు పక్కనే ఉన్నారు. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ వసతి పోయింది.

రష్యన్ ఒక్కటే వచ్చినా చాలదు. రసూల్ గమ్జాతోవ్ అవార్ భాషాకవి. చింగీజ్ ఐత్మాతోవ్ కిర్గిజ్‌లోనూ రష్యన్‌లోనూ రాశాడు. ఇద్దరినీ ‘రష్యన్ రచయితలు’ అని ఒకే గాట కట్టడం అలసత్వం.

హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ నేర్పుతున్నారు కదా అంటారు. మంచిదే. కాని తరగతిగది వ్యాకరణాన్ని ఇస్తుంది, నుడికారం జనం మధ్యనే పట్టుబడుతుంది. మోమిన్‌పేట్ పిల్లలకు దక్కనీ ఉర్దూ అంగడిలో అబ్బుతుంది. తాండూరు దాటితే కన్నడమూ అంతే. అక్కడినుంచి వచ్చిన పరిశోధకుణ్ణి ఆంగ్లానువాదమే మూలమనుకొని సరిపెట్టుకొమ్మనడం అన్యాయం. మాస్కోలోనో బిష్కెక్‌లోనో కొన్ని నెలల సాంద్రశిక్షణకు విశ్వవిద్యాలయమే పంపాలి. వైద్యవిద్యకు రష్యా వెళ్లిన తెలుగు విద్యార్థులు రోగితో మాట్లాడేందుకు రష్యన్ నేర్చుకోక తప్పదు. టాల్‌స్టాయ్‌పై సిద్ధాంతగ్రంథం రాసేవారికి మాత్రం ఆ షరతు లేదు.