వేణ్ణీళ్లకు చన్నీళ్లు

చలికాలం వచ్చిందంటే పంకాలు ఆగిపోతాయి, కూలర్లు అటక ఎక్కుతాయి. న్యాయంగా చూస్తే కరెంటు బిల్లు బాగా దిగాలి. కాని కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చినా చాలా ఇళ్లలో బిల్లు అనుకున్నంత తగ్గదు. "ఫాను వేసిందే లేదు, ఇంత బిల్లెలా వచ్చింది?" అని ఇంటాయన అడగడం, "నన్నడుగుతారేం, మీటరునడగండి!" అని ఇల్లాలు విసుక్కోవడం మామూలే. నిజానికి మీటరును అడగనక్కరలేదు. స్నానాలగదిలోకి తొంగిచూస్తే చాలు.

కొంచెం లెక్క చూద్దాం. భయపడకండి, చాకలి పద్దు కంటె కష్టం కాదు. తెల్లవారుజామున కుళాయి నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకోండి. 20 లీటర్ల బకెట్టు నీళ్లు ఒంటికి హాయిగా వుండే 40 డిగ్రీలకు రావాలంటే, అర యూనిట్టు కంటె కాస్త తక్కువ కరెంటు పడుతుంది. మనిషికొక బకెట్టు చొప్పున నలుగురున్న ఇంటికి రోజుకు రెండు యూనిట్ల లోపు, నెలకు 56 యూనిట్లు. ఇది ఎలాగూ తప్పని ఖర్చు. అదే షవరు సంగతి చూడండి. నిమిషానికి 8 లీటర్లు వదిలే షవరు క్రింద పది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు, అంటే నాలుగు బకెట్లు! ఇంటిల్లిపాదికీ సరిపోయే వేణ్ణీళ్లు, రెండు మూడు సినిమా పాటలు కూనిరాగం తీసేలోపల ఒక్కరే ఒంటిమీద పోసుకున్నారన్నమాట. నలుగురూ అదే పని చేస్తే 56 యూనిట్లు కాస్తా 220 దాటుతాయి.

యూనిట్లు పెరగడం ఒక ఎత్తు, బిల్లు మెట్టు ఎక్కడం ఒక ఎత్తు. తెలంగాణలో 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి వాడకం చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1027 రూపాయల 70 పైసలు! 200 దాటగానే మొదటి యూనిట్టు నుంచీ ధర మారిపోవడమే దీనికి కారణం. 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం క్రింద వున్న కుటుంబాలకైతే హద్దు దాటడం మరీ కష్టం. 200 లోపు సున్నా బిల్లు, దాటితే ఆ నెల బిల్లంతా కట్టుకోవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో మెట్టు దాటినా కింది యూనిట్ల ధర మారదు గాని, 2022 నాటి ధరల్లోనే 225 దాటాక వచ్చే మెట్టులో ప్రతి యూనిట్టూ 8 రూపాయల 75 పైసలు. అందుచేత రీడింగు తీసిన రోజున మీటరులోని అంకెను గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. పదిహేనో రోజున మళ్లీ చూడండి. ఎక్కడున్నామో తెలిస్తే సగం పొదుపు అక్కడే వస్తుంది.

ఇక గీజరు. అది వేడిని దాచుకుంటుంది గాని, ఎంత మంచి గీజరైనా ఆ వేడి కొంచెం కొంచెంగా జారిపోతూనే వుంటుంది. రెండు వేల వాట్ల గీజరులో 15 లీటర్ల నీళ్లు 60 డిగ్రీలకు రావడానికి 20 నిమిషాలు చాలు. అంచేత రాత్రి వేసి ఉదయందాకా వుంచడం వృథా. స్నానానికి అరగంట ముందు వేసి, ఒకరి తరువాత ఒకరు వెంటవెంటనే కానిచ్చి కట్టేయండి. చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ల కుళాయి తిప్పకండి. ఆ వేడి నీళ్లు గొట్టంలోకి వచ్చి, మీ చేతికి అందకుండానే అక్కడే చల్లారిపోతాయి.

మేడమీద ట్యాంకును పొద్దున్నే నింపిపెడితే ఎండకు నీళ్లు కాస్త వెచ్చబడతాయి. పిల్లలకు సాయంత్రం బడినుంచి రాగానే స్నానం చేయిస్తే ఆ నీళ్లకు గీజరు పని తక్కువ. కరెంటు మిగల్చాలని కాగు తీసుకెళ్లి గ్యాసు పొయ్యిమీద పెట్టేవారున్నారు. 14.2 కిలోల సిలిండరుతో ఇలాంటి బకెట్లు సుమారు 250 కాగుతాయి. రోజుకు నాలుగైతే రెండు నెలలకు ఒక సిలిండరు స్నానాలకే సరి! పొయ్యి మార్చినంత మాత్రాన పొదుపు కాదు, లెక్క చూసుకోవాలి.

ఫ్రిజ్ సంగతి కూడా మరవకండి. చాలా వాటిలో లోపలి మీటమీద అంకె పెరిగినకొద్దీ చల్లదనం పెరుగుతుంది. వేసవిలో తిప్పిన అంకెను ఇప్పుడు తగ్గించండి. బొంతలు, దుప్పట్లు మధ్యాహ్నం ఎండలో వేసి, పొద్దువాలకముందే కిటికీలు మూస్తే రాత్రికి గది వెచ్చగా వుంటుంది. గది వెచ్చబెట్టే రెండు వేల వాట్ల హీటరైతే అరగంటకొక యూనిట్టు మింగుతుంది.

అయితే పొదుపు పేరిట ప్రాణంమీదికి తెచ్చుకోవద్దు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే, వాసనైనా తెలియని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరుకూ అదే ప్రమాదం. బకెట్టులో వేసే హీటరు కడ్డీని ప్లగ్గు ఊడదీశాక గాని నీళ్లలో చేయి పెట్టకండి. పసివాళ్ల స్నానానికి బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, ఆ తరువాతే వేణ్ణీళ్లు కలపండి.

మరొక్క మాట. బిల్లు గురించి ఇంట్లో గొడవ జరిగితే అది ముందుగా వినేది పెద్దవాళ్లు. "నాకు చన్నీళ్లే అలవాటులే అమ్మా" అని అత్తగారు అన్నారంటే, అది నిజంగా అలవాటో, మీ బిల్లు మీద జాలో కనుక్కోండి. చలికి రక్తపోటు పెరుగుతుంది, ముసలి ఒంటికి అది మంచిది కాదు. ఆవిడకు కావలసిన ఆ ఒక్క బకెట్టు నెలంతా పోసినా 14 యూనిట్లే. కుర్రకారు షవరు క్రింద మూడు నిమిషాలు ముందుగా ఇవతలికి వస్తే ఆ ఖర్చు తీరిపోయి, ఇంకా మిగులుతుంది.