గీసిన గీత మీదే కోత పడాలంటే...

అల్మరా తలుపు వేస్తే పైన చక్కగా అతుక్కుంటుంది. కింద మాత్రం చిటికెనవేలు దూరేంత సందు! మడతబందులు వదులయ్యాయేమోనని ఇంటాయన మరలు బిగిస్తాడు. గోడే వంకరగా ఉందేమోనని ఇంటావిడ అనుమానం. చివరికి టేపు పెట్టి కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తలుపు వెడల్పు పైన 18 అంగుళాలు, కింద పదిహేడుముప్పావు. గీత సరిగ్గానే గీశారు. కోత దగ్గరే దారి తప్పింది.

ప్లైవుడ్‌తో వచ్చిన చిక్కే ఇది. టేకు చెక్కయితే కాస్త ఎక్కువ ఉంచి కోసుకుని, తర్వాత చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. ప్లైవుడ్ అలా కాదు. పలుచని పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అతికించిన పలక అది. అంచును చిత్రిక పడితే అడ్డంగా ఉన్న పొరలు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతాయి. కాబట్టి మొదటి కోతే చివరి కోత కావాలి. షీటేమో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అల్మరాలకు వాడే 19 మిల్లీమీటర్ల మందం షీటు బరువు ఇంచుమించు 35 నుంచి 40 కిలోలుంటుంది. ఇద్దరు మోసుకొచ్చి పడుకోబెట్టిన ఆ పలకను ఎనిమిది అడుగుల పొడవునా ఒట్టి చేతి వాటంతో తిన్నగా కొయ్యడమంటే, ఎంత చెయ్యి తిరిగిన మేస్త్రికైనా పరీక్షే.

‘గీత ఉంది కదా మేస్త్రీ, దాని వెంబడే పోనివ్వరాదా?’ అని పక్కన నిలబడి చెప్పడం తేలిక. కరెంటు రంపం తిరుగుతున్నప్పుడు గీత రంపపు పొట్టులో కనిపించదు. కొద్దిగా పక్కకు పోయిందని చెయ్యి తిప్పారా, అప్పటికే చెక్కలో ఉన్న బ్లేడు తిరగనంటుంది. రెండు వైపుల నుంచీ నొక్కుకుపోయి ఒక్కసారిగా రంపాన్ని వెనక్కి, అంటే పట్టుకున్న మనిషి మీదికే విసురుతుంది. వంకర కోత వల్ల పోయేది షీటు. ఈ వెనక్కి తన్నే విసురు వల్ల పోయేది వేళ్లు. అందుకే రంపాన్ని తిన్నగా నడిపించే పట్టీ కోత అందం కోసమే కాదు, చేతుల కోసం కూడా.

ఆ పట్టీనే దుకాణాల్లో స్ట్రెయిట్ ఎడ్జ్ క్లాంప్ గైడ్ అంటారు. చూడ్డానికి పొడవాటి అల్యూమినియం బద్ద. రెండు చివర్లా కిందికి దిగిన దవడలు ఉంటాయి. షీటు రెండు అంచుల్నీ ఆ దవడలు పట్టుకుంటాయి, మీట నొక్కితే బిగుసుకుంటాయి. ఇక రంపం అడుగురేకును ఆ బద్దకు ఆనించి తోసుకుంటూ పోవడమే. విడిగా బద్ద, విడిగా రెండు క్లాంపులు వెతుక్కునే పని ఉండదు. దీని సుఖం అంతా అందులోనే ఉంది.

కొనేటప్పుడు అందరూ మొదట అడిగేది పొడవు. 24, 36, 50 అంగుళాలు, ఆపైన 100 అంగుళాల దాకా ఉంటాయి. షీటును అడ్డంగా కొయ్యడానికి, అంటే 4 అడుగుల కోతకు, 50 అంగుళాలది సరిపోతుందంటారు. కానీ ఆ 50 అన్నది దవడల మధ్య దూరమా, మొత్తం బద్ద పొడవా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఎందుకంటే బ్లేడు చెక్కను తాకకముందే రంపం అడుగురేకు బద్దకు ఆని ఉండాలి. షీటు అంచు దగ్గరే బద్ద అయిపోతే మొదటి రెండు మూడు అంగుళాల్లో రంపం అటూ ఇటూ ఊగుతుంది. కోత బయటికి వచ్చే చోటా ఇంతే. వంకరలన్నీ ఎక్కువగా ఈ రెండు చివరల్లోనే వస్తాయి. రెండువైపులా అరడుగు చొప్పున బద్ద బయటికి ఉంటే హాయి.

షీటును నిలువుగా చీల్చాలంటే 100 అంగుళాలది కావాలి. అక్కడ వస్తుంది అసలు తిరకాసు. ఇంత పొడవున్నవి చాలావరకు రెండు ముక్కలుగా వస్తాయి. మధ్యలో జోడించుకోవాలి. ఆ అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉన్నా రంపం అక్కడ చిన్న మెట్టు ఎక్కినట్టు కదులుతుంది, కోతలో గాటు పడుతుంది. అతుకు మీద గోరు పెట్టి రాసి చూడాలి. గోరు తట్టుకుంటే తేడా ఉన్నట్టే. ముక్కల్ని గాల్లో పట్టుకుని మరలు బిగించకుండా, షీటుకు ఫ్యాక్టరీలో వచ్చిన అంచుకు రెండింటినీ ఆనించిపెట్టి అప్పుడు బిగిస్తే అతుకు తిన్నగా కుదురుతుంది. ఆ అంచు తిన్నగా ఉందో లేదో ముందు బిగుతుగా లాగిన దారంతో చూసుకోవాలనుకోండి.

పొడవాటి గైడ్‌లకు ఇంకో జబ్బు కూడా ఉంది. పట్టు రెండు చివర్లలోనే కదా! రంపాన్ని ఆనించి తోస్తుంటే నడుమ భాగం విల్లులా అటువైపు వంగుతుంది. కోత మొదట్లో సరిగ్గా ఉంటుంది, చివర్లో సరిగ్గా ఉంటుంది, మధ్యలో పొట్ట వస్తుంది. దుకాణంలోనే రెండు చివరలూ బల్లకు బిగించి, మధ్యలో బొటనవేలితో పక్కకు నొక్కి చూడండి. కళ్లకు కనిపించేంత కదిలితే ఆ సరుకు వద్దు. వెడల్పైన, లోపల అడ్డు గోడలున్న అల్యూమినియం బద్ద ఈ విషయంలో మెరుగు. ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలంటే బద్ద నడుమ భాగం కింద రెండువైపులా అంటుకునే టేపు ముక్క వేస్తే కొంత నిలుస్తుంది.

బలంగా ఉండాలని మరీ ఎత్తైనదాన్ని తీసుకున్నా ఇబ్బందే. సర్క్యులర్ రంపానికి మోటారు ఒక పక్కకు పొడుచుకుని ఉంటుంది. బ్లేడు లోతుకు దించినకొద్దీ మోటారూ కిందికి దిగుతుంది. బద్దగానీ, దాని మీట పిడిగానీ ఎత్తుగా ఉంటే మోటారు వెళ్లి దానికి కొట్టుకుంటుంది. సగం కోతలో ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ లేదు. కాబట్టి ఇంట్లో రంపం ఉంటే దాన్ని దుకాణానికి తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడంలో తప్పులేదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి పనిముట్ల బజార్లలో ఇలా అడిగితే ఎవరూ వింతగా చూడరు.

ఇక తిన్నదనం. పెట్టె మీద ఏం రాసున్నా, పరీక్ష చెయ్యకుండా నమ్మకూడదు. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. బద్దను పలక మీద పెట్టి సన్నటి పెన్సిలుతో పొడవునా గీత గీయాలి. తర్వాత బద్దను తలకిందులుగా, అంటే ఈ చివర ఆ చివరకు వచ్చేలా తిప్పి, అదే అంచును గీతకు అవతలి వైపు నుంచి ఆనించి మళ్లీ గీయాలి. రెండు గీతలూ కలిసిపోతే బద్ద తిన్నగా ఉన్నట్టు. మధ్యలో సందు వస్తే వంగిందన్నమాట. కనిపించే సందు అసలు వంపుకి రెట్టింపు ఉంటుంది కాబట్టి చిన్న తప్పు కూడా దొరికిపోతుంది.

గైడ్ బిగించగానే కోత మూలకు సరిగ్గా వస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. దవడలకు పట్టుకోవడమే తెలుసు, తొంభై డిగ్రీలు తెలియవు. మూలమట్టం పెట్టి చూసుకోవాల్సిందే. కోసిన పలకకు రెండు మూలల నుంచి రెండు మూలలకు టేపు పట్టి కొలిస్తే, రెండు కొలతలూ ఒకటే వచ్చాయంటే పలక చదరంగా ఉన్నట్టు.

ఇంతకీ బద్దను ఎక్కడ బిగించాలి? గీత మీదైతే కాదు. రంపం అడుగురేకు అంచుకీ బ్లేడు పంటికీ మధ్య కొంత దూరం ఉంటుంది. అంత దూరం జరిపి బిగించాలి. ఉదాహరణకు ఆ దూరం 125 మిల్లీమీటర్లు, మనకు కావలసిన పలక 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ఉంచుకునే పలక మీదే గైడ్ బిగిస్తే అది షీటు అంచు నుంచి 475 దగ్గరుండాలి. ఇలా ఉంచుకునే వైపే బిగించడం మంచిది కూడా. చెయ్యి జారి రంపం బద్దకు దూరంగా జరిగితే కోత పడేది పారేసే ముక్కలోనే! ఆ 125 అన్నది ఒక్కసారి కొలిచి వదిలెయ్యకుండా, పనికిరాని ముక్క మీద కోసి చూసుకోవాలి. బ్లేడు మార్చితే మళ్లీ కొలవాలి.

బ్లేడు తినేసే మందాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. నాలుగడుగుల షీటును రెండుగా చీలిస్తే రెండేసి అడుగుల పలకలు రెండు వస్తాయని లెక్కవేసుకుంటారు. రావు. 1220లో బ్లేడు 3 మిల్లీమీటర్లు తింటే మిగిలేది 1217. అంటే ఒక్కో పలక 608.5 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 609.6 కావాలి. తేడా ఒక్క మిల్లీమీటరే, కానీ సొరుగు పట్టాలు కుదరకపోవడానికి అది చాలు. అల్మరా లోతు ముందే 600 అనుకుంటే ఈ బాధే లేదు.

డబ్బు పెట్టి కొనడం ఇష్టం లేనివాళ్లకు పాత మేస్త్రులు చేసుకునే చెక్క గైడ్ ఉండనే ఉంది. నిజం చెప్పాలంటే చాలా ఇళ్ల పనికి అదే మేలు. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ ఒకటి అడుగు వెడల్పున తీసుకుని, దాని మీద ఒక అంచుకు దగ్గరగా 12 మిల్లీమీటర్ల సన్న బద్దను ఫెవికాల్‌తో, మరలతో బిగిస్తారు. సన్న బద్దకు ఫ్యాక్టరీ అంచు ఉన్న ముక్కే వాడాలి, ఆ అంచే రంపానికి ఆనాలి. తర్వాత రంపాన్ని దానికి ఆనించి ఒక్కసారి నడిపితే కింది పట్టీలో ఎక్కువున్నదంతా తెగిపోతుంది. ఇప్పుడు ఆ తెగిన అంచే కోత పడే చోటు. 125 లెక్కలేమీ అక్కర్లేదు, పట్టీ అంచును గీత మీద పెట్టి రెండు సీ-క్లాంపులు బిగిస్తే చాలు. పట్టీ చెక్కను అదిమి పట్టుకుంటుంది కాబట్టి ఆ వైపు పెచ్చులూ తక్కువ లేస్తాయి. జర్మనీకి చెందిన ఫెస్టూల్ లాంటి కంపెనీల ఖరీదైన పట్టాల రంపాల్లోనూ కిటుకు ఇంచుమించు ఇదే. పట్టా అంచున ఉన్న రబ్బరు పట్టీయే కోత ఎక్కడ పడుతుందో చూపిస్తుంది. రోజూ షీట్లు కోసేవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, ఏడాదికోసారి పుస్తకాల అర చేసుకునే ఇంటికి కాదు.

గైడ్ ఎంత మంచిదైనా రంపం సరిగ్గా లేకపోతే వృథా. బ్లేడు ముందుపంటి నుంచి, వెనకపంటి నుంచి అడుగురేకు అంచుకు దూరం ఒకేలా ఉందా లేదా చూడాలి. లేకపోతే రంపం బద్దను వదిలి పోవాలనే చూస్తుంది. మన దగ్గర చాలామంది నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కే చెక్క బ్లేడు వేసి కానిచ్చేస్తారు. రాయి కోసం చేసిన యంత్రమది. తిరిగే వేగం చెక్క రంపం కంటే చాలా ఎక్కువ, కోత అవగానే బ్లేడును దానంతటదే మూసేసే కింది తొడుగు ఉండదు, అడుగురేకు పొట్టిగా ఉండి బద్దకు నిలకడగా ఆనదు. చౌక కదా అని ఇంట్లో దాన్ని చేతపట్టడం కంటే, రెండు మూడు కోతలే ఉంటే ప్లైవుడ్ దుకాణంలోనో కోతమిల్లులోనో పెద్ద యంత్రం మీద కోయించుకు రావడం వెయ్యిరెట్లు నయం.

ఇంట్లోనే కొయ్యాలనుకుంటే, సర్క్యులర్ రంపం పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి గనుక షీటు మంచి ముఖం కిందికి పెట్టాలి. బ్లేడు షీటు కింద అయిదారు మిల్లీమీటర్లు కనిపించేంత లోతు చాలు. షీటు కింద గీతకు రెండువైపులా నాలుగు చెక్క బద్దలు పరచాలి. గాల్లో వేలాడే ముక్క కుంగితే సందు మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. ఆ బద్దలు గైడ్ దవడలు దూరేంత ఎత్తుండాలి. కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల్ని లోపలికి పంపి, రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగకుండా తోసుకుపోవాలి.

పనయ్యాక అల్యూమినియం గైడ్‌ను మూలన ఏటవాలుగా నిలబెట్టకుండా మేకుకు నిలువుగా వేలాడదీయాలి. చెక్క గైడ్‌ను తడి తగలని చోట చదునుగా పడుకోబెట్టాలి. దాని మీద ఏ రంపానికి, ఏ బ్లేడుకు చేసిందో పెన్సిలుతో రాసి ఉంచితే, వచ్చే ఏడాది మరో రంపం ఆనించి దాని అంచు పాడుచేసుకునే పని ఉండదు.