బొమ్మ డ్రమ్ములని నవ్వేముందు

వీడియో గేమ్ డ్రమ్ముల మీద ఎవరైనా వాయిస్తే సంగీతం తెలిసినవాళ్ళు నవ్వుతారు. అది ఆటవస్తువు, వాయిద్యం కాదంటారు. ఈ మాటతో మేము ఏకీభవించడం లేదు.

2007లో అమెరికాలో 'రాక్ బ్యాండ్' అనే గేమ్ వచ్చింది. దానికి నాలుగు ప్యాడ్లు, కాలితో తొక్కే పెడల్ ఉండేవి. మరుసటి ఏడాది 'గిటార్ హీరో వరల్డ్ టూర్' మూడు ప్యాడ్లు, రెండు సింబల్స్‌తో వచ్చింది. తెరమీద ఏ రంగు పడితే ఆ రంగు ప్యాడ్ కొట్టాలి, అంతే ఆట. మోజు తీరాక చాలా ఇళ్ళలో అవి మూలనపడ్డాయి. కొందరు మాత్రం వాటిని కంప్యూటర్‌కు తగిలించి చూశారు.

కంప్యూటర్‌కు అది ఒక జాయ్‌స్టిక్, ప్రతి ప్యాడూ ఒక బటన్. ఆ బటన్‌ను మిడి నోటుగా మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. మిడి అంటే 1983లో వాయిద్యాల కంపెనీలు కలిసి తెచ్చుకున్న ఉమ్మడి భాష. అందులో శబ్దం ఉండదు, అంకెలే ఉంటాయి. డ్రమ్ములది 10వ ఛానల్. 36 అంటే బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. ఎంత గట్టిగా కొట్టామో చెప్పడానికి 127 వరకు మరో అంక��. హైడ్రోజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ అంకెలు అందుకుని డ్రమ్ము మోగిస్తుంది. అందులో 38కి మన డప్పు రికార్డు చేసి పెట్టుకుంటే డప్పే మోగుతుంది!

లోపాలు లేవని మేము అనము. తొలి రాక్ బ్యాండ్ డ్రమ్ముకు మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే. ఒక ప్యాడ్ కొడితే ఒక్కోసారి పక్కది పలుకుతుంది. శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. కచేరీకి చాలదు. కానీ చేతులూ కాలూ తాళంలో కలపడం నేర్చుకోవడానికి చాలు.

ఇంకొక సంగతి. 2010లో 'రాక్ బ్యాండ్ 3'తో, అసలైన ఎలక్ట్రానిక్ డ్రమ్ములను ఆటకు కలిపే మిడి అడాప్టర్‌ను అమ్మారు. డ్రమ్ములు కొనగలిగినవాడికి ఆటలోకి దారి దొరికింది. బొమ్మ మాత్రమే ఉన్నవాడు వాయిద్యంలోకి దారి తానే వేసుకోవాల్సి వచ్చింది.

మా ఇళ్ళలో డిగ్రీ చదివిన తొలి తరం మేము. మా తాతలు డప్పు కొడితే ఊరి చాకిరీ అన్నారు. అదే ఊళ్ళో వేదికమీద డ్రమ్స్ వాయించినవాణ్ణి కళాకారుడన్నారు. అందుకే 'ఇది వాయిద్యం కాదు' అనే తీర్పు వింటే మాకు నవ్వు రాదు, అనుమానం వస్తుంది.

ఆ బొమ్మ కూడా మనకు అక్కర్లేదు. అలాంటి ప్యాడ్లలో దెబ్బను పట్టేది పీజో బిళ్ళ. కొద్ది రూపాయలకే దొరుకుతుంది. రబ్బరు ముక్కలు, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, హాస్టల్ కంప్యూటర్ ఉంటే తమ్ముళ్ళు సొంతంగా చేసుకోగలరు. వార్షికోత్సవానికి సౌండ్ బాక్సుల అద్దెకు పోసే డబ్బులో కొంత దీనికి ఇవ్వండి. ఆదివారం రెండు గంటలు కంప్యూటర్ గది తెరవండి. తాళంచెవి వార్డెన్ గారి దగ్గరే ఉంది.